కొండల మీదుగా విశాఖకు

అంబాజీపేట,
నవంబరు 9

ప్రియమైన ప్రసాద్‌కు,

నీ ఉత్తరం అందింది. ఆనంద్ కూతురి పెళ్లికి మనం విశాఖ వెళ్లడం ఖాయమే కాబట్టి ఇక దారి సంగతి మాట్లాడుకుందాం. పొద్దున్నే రావులపాలెంలో హైవే ఎక్కితే తుని, అనకాపల్లి మీదుగా మధ్యాహ్నం భోజనం వేళకు చేరతామని రాశావు. నిజమే. కానీ ఆ దారిలో ఎన్నిసార్లు వెళ్లాం, దారి పొడవునా చూసిందేమైనా గుర్తుందా నీకు? నాకు టోల్‌గేట్లు తప్ప ఏమీ గుర్తు లేవు. ఈసారి మూడు రోజుల ముందే బయల్దేరి కొండల మీదుగా పోదాం. అప్పటికి మాసూళ్లు కూడా అయిపోతాయి, నాకు పొలం బెంగ ఉండదు.

జొన్నాడ దగ్గర గౌతమి దాటి, రాజమహేంద్రవరం నుంచి కోరుకొండ, గోకవరం మీదుగా రంపచోడవరం. గోకవరం దాటాక నేల మెల్లగా పైకి లేస్తుంది. మా చిన్నవాడికి ఎత్తంటే కొబ్బరిచెట్టు, గోదావరి వంతెన, అంతే. వాడి ముఖం అప్పుడు ఎలా ఉంటుందో చూడాలని ఉంది. ఆ రాత్రి మకాం మారేడుమిల్లిలో. పచ్చి వెదురు బొంగులో మసాలా పట్టించిన కోడిముక్కలు కూరి, మూతికి ఆకులు కుక్కి నిప్పుల మీద తిప్పుతూ కాలుస్తారు. బొంగు నల్లబడ్డాక చీలిస్తే ముక్క తన నీళ్లలోనే ఉడికి ఉంటుంది, నూనె చుక్క వేయరు.

అక్కడికే ఎందుకంటావా? ఆ కొండలకు అవతల సీలేరు వచ్చి శబరిలో కలుస్తుంది, శబరి కూనవరం దగ్గర గోదావరిలో కలుస్తుంది. మా తోటలో గునపం దించితే వచ్చే ఒండ్రులో ఆ కొండల మట్టి కూడా ఉంది కదా! ఇన్నేళ్లు ఆ మట్టి మీద పండించుకు తిని, అది వచ్చిన చోటును ఒక్కసారైనా చూడలేదంటే నాకు మనసులో వెలితిగా ఉంటుంది, ప్రసాద్.

రెండో రోజు వెనక్కి రంపచోడవరం వచ్చి అడ్డతీగల, రాజవొమ్మంగి, కృష్ణదేవిపేట మీదుగా చింతపల్లి చేరాలి. 1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి. అల్లూరి సీతారామరాజు దళం వరసగా మూడు రోజుల్లో మూడు పోలీసు స్టేషన్ల మీద పడింది. మనం ఆ ఊళ్లనే తిరుగువరసలో దాటుతాం. కృష్ణదేవిపేటలో ఆయన సమాధి దగ్గర తప్పకుండా ఆగుదాం. ఆ అడవుల్లో కాలినడకన అంత దూరం ఎలా తిరిగారో పిల్లలకు అక్కడే చెప్పాలి.

రాత్రికి లంబసింగి. మర్నాడు పాడేరు, అరకు, అనంతగిరి ఘాట్ దిగి విశాఖ. డిసెంబరులో వలిసె పూలు పూస్తాయి, చేలన్నీ పసుపు ఆరబోసినట్టు ఉంటాయి. సిల్వర్ ఓక్ చెట్లకు మిరియాల తీగలు, వాటి నీడన ఎర్రగా పండిన కాఫీ కాయలు.

దారి విషయంలో ఒక్కటి మాత్రం గట్టిగా చెబుతున్నాను. రెండేళ్ల కిందట అనంతగిరి దిగుతూ నేను బ్రేకు మీద నుంచి కాలు తీయలేదు. సగం దూరం వచ్చేసరికి మాడిన వాసన, ఆ వెంటనే పెడల్ మెత్తగా లోపలికి దిగిపోయింది. హ్యాండ్‌బ్రేకు లాగి, చక్రాల కింద రాళ్లు పెట్టి, చేతులు వణుకుతూ గట్టు మీద కూర్చున్నాను. వెనక వచ్చిన లారీ డ్రైవరు ఆపి, చక్రం దగ్గర చెయ్యి పెట్టి చూసి, “ఏ గేరులో ఎక్కుతామో ఆ గేరులోనే దిగాలి బాబూ, బండిని ఇంజనే పట్టుకుంటుంది” అన్నాడు. బ్రేకులు చల్లారేదాకా అరగంట నాతోనే ఉండి వెళ్లాడు. నువ్వు నడిపేటప్పుడు కూడా ఆ మాట మరచిపోకు. ఎక్కే బండికి దారి ఇవ్వాలి, మలుపులో హారన్ కొట్టాలి, చీకటి పడ్డాక ఘాట్‌లో ఉండకూడదు. లంబసింగిలో మంచు విడిచేదాకా, ఎనిమిదైనా తొమ్మిదైనా, బండి తీయవద్దు. పెట్రోలు రాజమహేంద్రవరంలోనే నిండుగా పోయిద్దాం. అడవిలో ఫోను పనిచేయని చోట్లు చాలా ఉన్నాయి కాబట్టి పటం కాగితం మీద గీసి పెట్టాను.

ఈ దారిని అరకు మీదుగా విజయనగరం దాకా 516ఇ నంబరు జాతీయ రహదారిగా వెడల్పు చేస్తూ వస్తున్నారు. కొండ ఊళ్లవాళ్లకు ఆసుపత్రి దగ్గరవుతుంది, మంచిదే. ఆ పాత మలుపులు మాత్రం పోకముందే ఒకసారి చూడాలని నా తొందర.

ఆదివారంలోగా ఫోను చెయ్యి. డిసెంబరులో మారేడుమిల్లిలో గదులు దొరకడం కష్టం, నాలుగు రోజుల్లో మాట్లాడేయాలి. పిల్లలకు స్వెట్టర్లు, చెవులకు టోపీలు సర్దమని చెల్లెమ్మకు చెప్పు. అమ్మగారికి నా నమస్కారాలు.

నీ
సత్యం