కోసిన గుండె కన్నా ముందు నిండు గుండె గీయించండి

సంపాదకులకు నమస్కారం.

మీ విద్యార్థుల పేజీలో పదో తరగతి జీవశాస్త్రం కోసం వేసిన గుండె పటం చూశాను. భాగాల పేర్లన్నీ సరిగ్గా ఉన్నాయి, వంక పెట్టడానికేమీ లేదు. నా బాధల్లా నిలువుకోత పటం ఒక్కటే వేస్తే పిల్లకాయలు బాణం గుర్తులతో సహా గీతలు బట్టీ కొడుతున్నారనే. కావలి చుట్టుపక్కల బళ్లలో డ్రాయింగ్ మాస్టారుగా చేసి రిటైరైనవాణ్ణి. ఇప్పటికీ సాయంత్రమైతే మా వరండాలో పిల్లలు బొమ్మలేసుకుంటూ ఉంటారు. గుండె గీయమంటే టకటకా నాలుగు గదులు గీసి మధ్యలో గోడ పెడతారు. ఆ గుండె బయటికి ఎట్టా ఉంటుందో చెప్పమంటే మాత్రం ఒకరి ముఖం ఒకరు చూసుకుంటారు.

కొత్తగా గీసేవాళ్లకు నేను చెప్పే పద్ధతి రాస్తున్నాను. హెచ్‌బీ పెన్సిల్‌ను నొక్కకుండా పట్టుకుని, కిందికి సన్నబడే కోల ఆకారం ఒకటి గీయాలి. పిడికిలంత గీస్తే దాదాపు అసలు కొలత వచ్చినట్టే. మొన కిందికి, మన కుడిచేతి వైపుకు ఒరగాలి. నిట్టనిలువుగా పెడితే అది పేకముక్క మీది ఆఠీను గుర్తయి కూర్చుంటుంది. ఎదురుగా చూసినప్పుడు ఎక్కువగా కనిపించేది కుడి జఠరిక, అంటే రక్తాన్ని బయటికి తోసే కింది గదుల్లో కుడిది. ఎడమ జఠరిక మన కుడిపక్క అంచున సన్నగా కనబడి, మిగతాదంతా వెనక్కి పోతుంది, ఎందుకంటే గుండె ఛాతీలో కాస్త తిరిగి ఉంటుంది. కోత పటానికి అలవాటుపడ్డ పిల్లలు రెంటినీ సరిసగం చేస్తారు. ఆ రెంటి సరిహద్దున ఏటవాలుగా ఒక గాడి దిగుతుంది, అందులో కొవ్వు, ఆ కొవ్వులో గుండె కండకే రక్తమిచ్చే హృదయ ధమని కొమ్మ. ఈ గాడి సరైన చోట పడితే సగం బొమ్మ వచ్చేసినట్టే.

ఎక్కువమంది తడబడేది పైనున్న గొట్టాల దగ్గర. ఊపిరితిత్తులకు రక్తం తీసుకుపోయే పుపుస ధమనిని ముందు గీయాలి, అది ముందువైపున ఉంటుంది కాబట్టి. కుడి జఠరిక నుంచి లేచి మన కుడివైపుకు ఒరుగుతూ వెనక్కి పోతుంది. ఒళ్లంతటికీ రక్తం పంపే బృహద్ధమని దాని వెనక పుట్టి, మన ఎడమపక్కగా పైకొచ్చి, వంపు తిరిగి వెనక్కి దిగుతుంది. వంపు మీద మూడు కొమ్మలు. ఇంకా ఎడమకు నిటారుగా దిగేది ఊర్ధ్వ బృహత్సిర, ఒంటి పైభాగం నుంచి రక్తాన్ని గుండెకు తెచ్చే గొట్టం. ముందున్న గొట్టం గీతను తెగనివ్వకూడదు, వెనకున్న దాని గీత అక్కడికొచ్చి ఆగిపోవాలి. కుడి ఎడమల తికమక వస్తే, గీసిన కాగితాన్ని ఎదుట నిలబడ్డ పిల్లవాడి ఛాతీకి ఆనించి చూపిస్తాను. అతని ఎడమే గుండెకు ఎడమ. మళ్లీ అడగరు.

నోటితో చెప్పి గీయించేదాని కన్నా చూపించి గీయించేది ఎక్కువ నిలుస్తుంది. నెల్లూరు గొర్రెకు దేశమంతా పేరుంది. ఆదివారం పొద్దున ట్రంకు రోడ్డుకు పోతే మాంసం కొట్లలో గుండెకాయ దొరుకుతుంది. "పైన గొట్టాలు కొయ్యకుండా ఇయ్యబ్బాయ్" అని ముందే చెప్పుకోవాలి, లేకుంటే మొదలంటా కోసి పారేస్తారు. కడిగి స్టీలు పళ్లెంలో పెట్టి, కిటికీ పక్కన ఒకవైపు నుంచే వెలుతురు పడేట్టు ఉంచుతాను. పిల్లల్ని బొటనవేలితో నొక్కమంటాను. గుండెకు కుడివైపు గోడ మెత్తగా లోపలికి పోతుంది, ఎడమవైపు గట్టిగా ఎదురు నిలుస్తుంది. ఒళ్లంతటికీ రక్తం తోయాల్సింది ఎడమ జఠరిక, పక్కనే ఉన్న ఊపిరితిత్తుల దాకా తోస్తే సరిపోయేది కుడిది. మనిషిలోనూ ఇంతే. అట్టా నొక్కి చూసిన ఒక తొమ్మిదో తరగతి అమ్మాయి, ఆ తర్వాత కోత పటంలో ఎడమ గోడను నేను చెప్పకుండానే లావుగా గీసింది. ఒక్క తేడా మాత్రం చెప్పి గీయించాలి: గొర్రెకు బృహద్ధమని వంపు మీద ఒకటే లావు కొమ్మ ఉంటుంది. లియొనార్డో డావిన్సీ అంతటివాడు కూడా గుండె కవాటాలు గీయడానికి ఎద్దు గుండెలనే ముందేసుకున్నాడు. మాంసం ముట్టని ఇళ్ల పిల్లల్ని నేను బలవంతపెట్టను, వాళ్లకు మంచి ఫొటో చాలు.

రంగుల సంగతి కూడా ఒక మాట. సగం ఎరుపు, సగం నీలం పూయడం రక్తం దారి చూపే పటానికి సరిపోతుంది. నిజమైన గుండెలాగా గీయాలంటే నీలం పక్కన పెట్టాల్సిందే, మన ఒంట్లో నీలం రక్తం లేదు. ఆక్సిజన్ తగ్గిన రక్తం ముదురెరుపు, అంతే. కండకు గోధుమ కలిసిన ఎరుపు, గాడుల్లో కొవ్వుకు లేత పసుపు, తడి మెరుపు కోసం అక్కడక్కడ వదిలేసిన తెల్లకాగితం. పెన్సిల్‌తోనే ముగించేవాళ్లు గొట్టాల కింద, గాడిలో 4బీ అనే మెత్తటి, నల్లటి పెన్సిల్‌తో నీడ వేసుకోవాలి.

నా మనవి ఏమిటంటే, కోత పటం పక్కనే కోయని గుండెను ముందువైపు నుంచి, దశలవారీగా, కనీసం పావు పేజీ వేయండి. వేలెడంత బొమ్మలో గొట్టాలన్నీ అచ్చులో అలుక్కుపోతున్నాయి. పదో తరగతి పరీక్షలు మార్చిలో వస్తాయి కాబట్టి సంక్రాంతి సెలవుల్లో వేస్తే పిల్లకాయలకు తీరిక ఉంటుంది. డ్రాయింగ్ మాస్టారు లేని బళ్లలో ఆ కాగితాన్ని గోడకు అంటించుకుంటారు. బొమ్మలు నేనే గీసి పంపిస్తాను. డబ్బులేమీ వద్దు, నా పేరు కూడా వేయక్కర్లేదు.

ఇట్లు,
ఒక విశ్రాంత డ్రాయింగ్ మాస్టారు,
కావలి, నెల్లూరు జిల్లా.