వైర్‌లెస్ పరికరాలకి అనుమతులిచ్చే అధికారి గారికి బహిరంగ లేఖ

సార్, 2024 సెప్టెంబర్‌లో లెబనాన్‌లో ఒకరోజు పేజర్లు, మర్నాడు వాకీటాకీలు పేలాయి కదా, వాడేవాళ్ల చేతికి రాకముందే వాటిలో పేలుడు పదార్థం పెట్టేశారు. మీ టెస్టులేమో సిగ్నల్ పవర్, ఫ్రీక్వెన్సీ చుట్టూనే, అదీ కంపెనీ పంపిన శాంపిల్ మీద, మరి గోడౌన్, డీలర్, కొరియర్ దాటి వచ్చే పెట్టె సంగతి ఎవరు చూస్తారండీ? హెయిర్ డ్రయ్యర్ వేడికి ఊడొచ్చే స్టిక్కర్‌ని కూడా సీలంటే ఎలా! రౌటర్‌లో సాఫ్ట్‌వేర్ మార్చేస్తే పైకి అస్సలు తెలీదు, అందుకే కంపెనీ డిజిటల్ సంతకం లేని ఫర్మ్‌వేర్‌తో (అంటే పరికరాన్ని నడిపించే లోపలి సాఫ్ట్‌వేర్‌తో) ఆన్ అవ్వకుండా సెక్యూర్ బూట్ తప్పనిసరి చెయ్యండి. లోపల అదనంగా పెట్టిన చిప్‌ని మాత్రం అది పట్టుకోలేకపోవచ్చు, కాబట్టి షాపుల నుంచే కొన్ని తీసుకుని విప్పి, తూచి, ఎక్స్‌రే తీసి ఒరిజినల్‌తో పోల్చి చూడాలి. ఖర్చంటారా, అది కంపెనీలతో తేల్చుకోండి. ఎప్పట్నుంచి మొదలెడతారో తేదీ చెప్పండి సార్.