పాత రాయి మీద ఇరవై శాతం పన్నెందుకండీ? బ్రిటన్ సాంస్కృతిక మంత్రికి బహిరంగ లేఖ

మంత్రి గారికి నమస్కారాలు.

ఇంగ్లిషులో పెట్టుకున్న అర్జీలు ఏ బల్ల మీద నిద్రపోతున్నాయో తెలియదు. అందుకే ఈసారి తెలుగులో రాస్తున్నాను, కనీసం మావాళ్ళన్నా చదువుతారు.

సంగతి మీకు తెలిసిందే, వ్యాట్ వాపసు: చట్టరక్షణ ఉన్న పాత చర్చిల మరమ్మతు మీద కట్టిన ఇరవై శాతం పన్ను (వ్యాట్) సర్కారు తిరిగిచ్చే పథకం. 2025 ఏప్రిల్ నుంచి ఒక్కో చర్చికి ఏడాదికి 25,000 పౌండ్లే అన్నారు. మూడు లక్షల పౌండ్ల పని చేయిస్తే వ్యాటే 60,000. మిగతా 35,000 ఎవరు కట్టాలి? ఆదివారం ప్రార్థనకొచ్చే పెన్షనర్లా? (చర్చిలన్నిటినీ రాజుగారే పోషిస్తారని మనవాళ్ళు చాలామంది అనుకుంటారు. మరమ్మతు భారమంతా ఆ పారిష్‌దే, అంటే ఆ చర్చికి చెందిన ఊరివాళ్ళదే.) పని రెండేళ్ళకు పంచుకోమని ఒకాయన సలహా. మరి పరంజా రెండుసార్లు కట్టే ఖర్చు?

ఒక్కసారి మా హెర్‌ఫర్డ్‌షైర్‌లోని కిల్‌పెక్‌కి రండి. 1140 ప్రాంతంలో ఎర్ర ఇసుకరాతితో కట్టిన పల్లెటూరి చర్చి. దక్షిణ ద్వారం స్తంభం మీద తీగల్లో చిక్కుకున్న యోధులు, గుమ్మం పైన జీవవృక్షం, చూరు కింద వరసగా 80కి పైగా రాతి బొమ్మలు. వాటిలో కుక్కా కుందేలూ పక్కపక్కనే ఉంటాయి! షీలా-నా-గిగ్ అనే బొమ్మ (మర్మాంగం చూపించే నగ్న స్త్రీ రూపం) దగ్గర ఇక్కడివాళ్ళు మొహం తిప్పుకుంటారు గానీ, మన గుళ్ళ గోడలు చూసి పెరిగినవాళ్ళకు అదేం వింత కాదు. చెక్కిన శిల్పుల పేర్లు ఎవరికీ తెలియవు, ఉలి గీతలు మాత్రం ఇంకా కనిపిస్తాయి.

ఆ రాయికి శత్రువు నీళ్ళు. మా ఊరి చర్చిలో ఎప్పుడో ఎవరో చవకగా పోతుందని రాళ్ళ సందుల్లో సిమెంటు పూశారు. సున్నమైతే తేమను బయటికి వదిలేది. సిమెంటు వదలదు, తేమ రాతిలోంచే దారి చూసుకుంటుంది. ఇప్పుడు గోడను వేలితో తాకితే పొర అప్పడంలా ఊడి చేతికొస్తోంది. ఆ సిమెంటంతా తీసి మళ్ళీ సున్నం పెట్టాలంటే పని తెలిసిన మేస్త్రీ కావాలి, వాళ్ళ కూలీ మీదా వ్యాటే.

కొత్త ఇల్లు కడితే వ్యాట్ సున్నా, తొమ్మిది వందల ఏళ్ళ గోడను నిలబెడితే ఇరవై శాతం. భేషుగ్గా ఉంది! చట్టరక్షణ ఉన్న కట్టడాల్లో అనుమతితో చేసే మార్పులకు 2012 దాకా మినహాయింపన్నా ఉండేది, అదీ పీకేశారు. ఇప్పుడు 2026 మార్చితో అసలు పథకానికే గడువు. తర్వాత ఏమిటో చెప్పేవాళ్ళు లేరు, ఇక్కడ మాకు టెన్షన్.

ఆ 25,000 పౌండ్ల పరిమితి ఎత్తేయండి. ఎత్తలేకపోతే పెంచండి. అదీ కాకపోతే గడువన్నా పొడిగించండి. ఏదీ కుదరదంటే ఆ ముక్కే రాసి పంపండి, మేం బకెట్లు కొనుక్కుంటాం.

ఇట్లు,
ఒక పారిష్ సభ్యుడు
హెర్‌ఫర్డ్‌షైర్, అక్టోబర్ 2025