"మార్గమధ్యలో మృతి" అని రాసే ముందు

సంపాదకులు గారికి నమస్కారం.

మాది నకిరేకల్ దగ్గర ఊరు. నేను జిల్లా పరిషత్ హైస్కూల్లో లెక్కలు చెప్తాను. మా ఆయన హైవే పక్కన ఒక ఆస్పత్రిలో క్యాజువాలిటీ డాక్టర్. పెళ్లయి పన్నెండేళ్లయింది, ఈ పన్నెండేళ్లుగా పొద్దున పేపర్ రాగానే నేను ముందు తెరిచేది జిల్లా పేజీ. రాత్రి ఆస్పత్రిలో ఏం జరిగిందో ఆయన చెప్పరు, మీ పేపర్లో చదివి తెలుసుకుంటాను. చిట్యాల దగ్గర ఆగి ఉన్న లారీని గుద్దిన కారు, కేతేపల్లి దగ్గర డివైడర్ ఎక్కిన బైక్, వార్త ఏదైనా చివర్లో చాలాసార్లు ఒకటే మాట ఉంటుంది. "ఆస్పత్రికి తరలిస్తుండగా మార్గమధ్యలో మృతి చెందాడు."

ఆ మాట గురించే ఈ ఉత్తరం.

పోయిన ఏడాది కార్తీకంలో ఒక తెల్లవారుజామున ఆయన ఇంటికొచ్చి గడప బయటే బూట్లు విప్పారు. దులిపితే వడ్లు రాలాయి. సాక్సుల్లో కూడా వడ్లే. రాత్రంతా ఆస్పత్రిలో ఉన్న మనిషికి వడ్లు ఎక్కడివని అడిగితే తర్వాత చెప్తానని స్నానం చేసి పడుకున్నారు, మధ్యాహ్నానికి మళ్లీ డ్యూటీకి పోయారు. మర్నాడు మీ పేపర్లో నాలుగు లైన్లు వచ్చాయి. బైక్ అదుపు తప్పి యువకుడికి తీవ్ర గాయాలు, మార్గమధ్యలో మృతి. మిగతాది ఆయన నోటి నుంచి రావడానికి పది రోజులు పట్టింది, అదీ అన్నం తినేటప్పుడు ఒక ముక్క, పిల్లల్ని బడి దగ్గర దింపి వచ్చేటప్పుడు ఒక ముక్క.

ఆ బైక్ అదుపు తప్పలేదండీ. రోడ్డు సగం దాకా వడ్లు ఆరబోసి, రాత్రి మంచుకు తడుస్తాయని కుప్ప చేసి, పైన నల్ల పట్టా కప్పి, అది లేచిపోకుండా చుట్టూ బండరాళ్లు పెట్టారు. చీకట్లో నల్ల రోడ్డు మీద నల్ల పట్టా ఎవరికి కనపడుతుంది? ముందు చక్రం రాయికి తగిలింది. హెల్మెట్ ఉంది కానీ పెట్రోల్ ట్యాంకు మీద ఉంది. చుట్టుపక్కల వాళ్లు పరుగెత్తుకొచ్చారు, 108కి ఫోన్ చేశారు, ఆ బండి వేరే కేసు మీద ఉంది, ఇరవై నిమిషాలు పడుతుందన్నారు. ఎవరో ఆస్పత్రికి కూడా ఫోన్ చేస్తే మా ఆయన అక్కడి అంబులెన్స్ ఎక్కి తనే బయల్దేరారు. ఇలా వెళ్లడం ఆయనకు అలవాటే, దగ్గర్లో అయితే పేషెంట్ వచ్చేదాకా కూర్చోలేరు. ఈలోపు అక్కడున్నవాళ్లకు టెన్షన్ పెరిగిపోయింది. ఇద్దరు చేతులు, ఇద్దరు కాళ్లు పట్టుకుని లేపి, అంతకుముందే వడ్లు తోలిన ట్రాలీ ఆటోలో వెల్లకిలా వేసి, స్పృహ లేని మనిషి నోట్లో నీళ్లు పోశారు. ఆటో, అంబులెన్స్ దారిలో ఎదురుపడ్డాయి. అప్పటికే ఊపిరి లేదు. ఆయన ఆ ట్రాలీలోనే వడ్ల మీద మోకాళ్లేసి గుండె మీద నొక్కుతూ ఉండిపోయారు, పక్కన ఆ అబ్బాయి బాబాయి "సారూ, మావోడు బతుకుతడా, జెర చెప్పు సారూ" అని ఒకటే అడుగుతున్నాడట.

ఆ వడ్లే మా గడప దగ్గర రాలాయి.

స్పృహ తప్పిన మనిషిని వెల్లకిలా పడుకోబెడితే నాలుక వెనక్కి జారి గొంతుకు అడ్డం పడుతుంది. ముక్కులోంచీ నోట్లోంచీ కారే రక్తం, పోసిన నీళ్లు, అన్నీ ఊపిరితిత్తుల్లోకి పోతాయి. తల దెబ్బ సంగతి తర్వాత, ముందు ఊపిరి ఆగిపోతుంది. మెడ వంగకుండా ఒకరు తల పట్టుకుని, మిగతావాళ్లు ఒంటిని ఒకేసారి పక్కకు తిప్పి, నోట్లో ఉన్నది బయటికి కారేలా ఉంచితే చాలు, అంబులెన్స్ వచ్చేదాకా మనం చేయగలిగింది అదే. "బతికే దెబ్బేనా?" అని నేను అడిగాను. "ఏమో, స్కాన్ తీయకుండా ఎట్లా చెప్తాను. ఊపిరి ఆడుతుంటే మాత్రం ప్రాణంతో నా దాకా వచ్చేవాడు" అన్నారు. ఆ తర్వాత ఆ ఊసు ఎత్తలేదు.

రైతులను తిడుతున్నానని అనుకోకండి. మా నాన్న కూడా రోడ్డు మీదే ఆరబోసేవాడు. తేమ 17 శాతం దాటితే వడ్లు కొనే ఐకేపీ సెంటర్లో కాంటా పెట్టరు, ఊళ్లో కల్లం లేదు, పొలంలో ఇంకా తడి ఆరలేదు, తారు రోడ్డు మీద అయితే రెండెండలకే గలగలలాడతాయి. ఈ సంగతి జరిగాక మా ఆయన మా నాన్నతో మాట్లాడితే "మరి యాడ బోయాలె అల్లుడుగారూ, మీరే చెప్పుండ్రి" అన్నాడు. ఆ ప్రశ్నకు మా ఆయన దగ్గర జవాబు లేదు. చివరికి ఇద్దరూ కలిసి రాళ్లన్నీ తీసేసి, వాటి బదులు ఊక నింపిన బస్తాలు పెట్టి, నాలుగు మూలలా కర్రలకు మెరిసే టేపు చుట్టి పాతారు. అదీ పూర్తి పరిష్కారం కాదు, రోడ్డు మీద వడ్లు ఉండకూడదు, ఊరూరా కల్లాలు కట్టాలి. కానీ కల్లాలు వచ్చేదాకా రాయి అయినా తీయొచ్చు కదా.

ఇంకొకటి చెప్పాలి. నాలుగేళ్ల కిందట మా చిన్నమ్మ కూతురి పెళ్లికి మిర్యాలగూడ పోతున్నాం. తిప్పర్తి దాటాక అద్దంకి రోడ్డు మీద యాక్సిడెంట్. ఈయన కారు ఆపేశారు. ముహూర్తం తొమ్మిదిన్నరకు, నాకు కోపం వచ్చింది, ఆ మాట దాచను. చుట్టూ ఇరవై ముప్పై మంది, సగం మంది చేతుల్లో ఫోన్లు, వీడియో తీస్తున్నారు. ఒకావిడ నడుము కింద విరిగి పడి ఉంది, పైకి చూస్తే పెద్దగా రక్తం లేదు. మా ఆయన పరుగున వచ్చి, మేం పెళ్లిలో పెట్టడానికి కొన్న పంచెల చాపు సంచిలోంచి లాగి, మడత విప్పి, ఆమె తుంటి చుట్టూ బిగించి కట్టారు. తుంటి ఎముక విరిగితే లోపలే లీటర్ల కొద్దీ రక్తం పోతుందట, బయటికి చుక్క కనపడదు. నన్ను పక్కన కూర్చోబెట్టి మడమలు రెండూ కలిపి పట్టుకోమన్నారు. 108 వచ్చేదాకా పట్టుకునే ఉన్నాను. ఆమె అరికాళ్లకు పసుపు ఉంది, ఆమె కూడా ఏదో పెళ్లి నుంచే వస్తోంది. ఆమె బతికింది. ఆ రోజు నుంచి కారు ఆపితే నేను కోప్పడలేదు.

ఆ ఇరవై ముప్పై మందీ చెడ్డవాళ్లు కాదు, పోలీసు కేసంటే భయం. ముట్టుకుంటే సాక్ష్యానికి తిప్పుతారని భయం. 2016లోనే సుప్రీంకోర్టు చెప్పింది, 2019లో మోటారు వాహనాల చట్టంలో 134ఏ సెక్షన్ పెట్టారు, మంచి మనసుతో సాయం చేసినవాళ్ల మీద కేసు ఉండదు, పేరు చెప్పమని కూడా బలవంతం చేయకూడదు. ఇది మా స్టాఫ్‌రూంలో సగం మందికి తెలియదు. పోలీసులు వచ్చేదాకా ఆగకుండా వైద్యం మొదలుపెట్టడం ప్రతి డాక్టర్ బాధ్యత అని 1989లోనే సుప్రీంకోర్టు చెప్పిందని కూడా తెలియదు. ఇక డబ్బు భయం. సూర్యాపేట దగ్గర దెబ్బ తగిలిన మనిషిని దగ్గర్లో చూపించకుండా 130 కిలోమీటర్లు హైదరాబాద్‌కు తోలుకుపోతారు. 2025 మే నుంచి రోడ్డు ప్రమాద బాధితులకు ఏడు రోజుల దాకా లక్షన్నర వరకు నగదు రహిత వైద్యం పథకం ఉంది. ఇలాంటివి మీరు ఒక్కసారి వేసి వదిలేస్తే సరిపోదు, మళ్లీ మళ్లీ వేయాలి.

మా ఇంటి సంగతి. సంక్రాంతి మాకు లేదు. హైదరాబాద్ సగం ఖాళీ అయి మా ముందు నుంచే విజయవాడ వైపు పోతుంది, పంతంగి, కొర్లపహాడ్ టోల్‌గేట్ల దగ్గర బారులు తీరిన కార్ల ఫొటోలు మీరూ వేస్తారు. నిద్ర ఆపుకుంటూ నడిపేవాళ్లు, పొగమంచు, లైట్లు లేకుండా ఆపిన లారీలు. భోగి నాడు సెలవు అడగమని చెప్పడం నేను ఎప్పుడో మానేశాను. మా చిన్నోడికి ఆరేళ్లు, రాత్రి భోజనాల దగ్గర డాడీ ఫోన్ మోగగానే లేచి డాడీ ప్లేటు మీద మూత పెడతాడు. వాడికి ఎవరూ నేర్పలేదు.

రెండేళ్ల కిందట ఒక రాత్రి చొక్కా గుండీలు తెగి ఇంటికొచ్చారు. తీసుకొచ్చేసరికే ప్రాణం లేని మనిషి, ఆ మాట చెప్పినందుకు అతని అన్న వచ్చి కాలర్ పట్టుకున్నాడు. డాక్టర్ల మీద చేయి చేసుకుంటే మూడేళ్ల దాకా జైలని 2008 నుంచి చట్టం ఉంది. ఈయన కేసు పెట్టలేదు, తమ్ముడు పోయిన మనిషి, వదిలెయ్ అన్నారు. నేను మాత్రం ఆ చొక్కాకు గుండీలు కుడుతూ ఏడ్చాను. దారిలో ఏం జరిగిందో ఆ అన్నకు ఎవరూ చెప్పలేదు, అతనికి కనపడింది తెల్లకోటు వేసుకున్న ఈయన ఒక్కరే.

2013 అక్టోబర్‌లో పాలెం దగ్గర బస్సు కాలి 45 మంది పోతే దేశమంతా మాట్లాడింది. 2022లో మన దేశంలో రోడ్ల మీద పోయినవాళ్లు 1,68,491 మంది, అంటే రోజుకు 460 మందికి పైనే, వాళ్లలో ఎక్కువమందికి దక్కేది ఏదో ఒక పేపర్ జిల్లా పేజీలో నాలుగు లైన్లే. ఆ నాలుగు లైన్లకు ఇంకో రెండు కలపమని మీ విలేకరులకు చెప్పండి. ఎన్ని గంటలకు పడ్డాడు, ఆస్పత్రికి ఎన్ని గంటలకు చేరాడు, దేంట్లో తీసుకొచ్చారు, హెల్మెట్ ఎక్కడుంది, దేనికి తగిలి పడ్డాడు. సాయం చేసినవాళ్ల పేర్లు అక్కర్లేదు, వాళ్లను తప్పు పట్టడమూ వద్దు. వడ్లకుప్ప రాయికి తగిలి పడిపోతే "అదుపు తప్పి" అని మాత్రం రాయకండి, ఆ మాటతో తప్పంతా చచ్చిపోయినవాడి మీదికే పోతుంది.

ఈసారి కోతలు మొదలయ్యాయి. సోమవారం నుంచి మా ఊరి మలుపు దగ్గర మళ్లీ నల్ల పట్టా, చుట్టూ రాళ్లు ఉన్నాయి. ఎవరి వడ్లో నాకు తెలుసు, వెళ్లి మాట్లాడాను, వింటామన్నారు, ఇంకా తీయలేదు. మీ విలేకరిని సాయంత్రం ఆరు దాటాక పంపండి, పగలు వస్తే ఆ కుప్ప బాగానే కనపడుతుంది. బడి నుంచి వచ్చాక ఇంట్లోనే ఉంటాను, నేనే దగ్గరుండి చూపిస్తాను.

ఇట్లు,
ఒక ఉపాధ్యాయురాలు,
నకిరేకల్ మండలం, నల్గొండ జిల్లా