బాపు తక్‌పట్టీలను ఒక్కొక్కటిగా చదివిన లాయర్ మేడంకు కృతజ్ఞతలు

మా చెల్లె మొన్న రాత్రి శంషాబాద్‌లో విమానం ఎక్కింది. కెనడాలో ఎమ్మెస్. పోయిన జూన్‌లో వీసా రిజెక్ట్ అయినప్పుడు మా ఇంట్లో రెండు రోజులు పొయ్యి వెలగలేదు. అలాంటిది ఇవాళ తను అక్కడ ఉందంటే కొందరి పుణ్యం. పేర్లు రాయొద్దన్నారు, రాయను. చెప్పకుండా మాత్రం ఉండలేను.

మాది నర్సంపేట దగ్గర ఊరు. బాపు ఏటా మిర్చి వేసి వరంగల్ ఎనుమాముల మార్కెట్‌కు తెస్తాడు. అమ్మినప్పుడు అక్కడ ఇచ్చే తూకం, ధర చీటీలే తక్‌పట్టీలు. చెల్లె చదువుకు దాచిందంతా ఆ పైసలే. రిజెక్షన్ లెటర్‌లో మాత్రం ఆర్థిక స్థోమత సరిపోదని, చదువయ్యాక కెనడా విడిచి వెళ్తుందన్న నమ్మకం లేదని రాసి ఉంది. అప్లికేషన్ పెట్టించిన కన్సల్టెన్సీ వాళ్ళు మళ్ళీ 150 డాలర్లు కట్టమన్నారు. ఈసారి ఏం మార్చి పెడతారని అడిగితే జవాబు లేదు.

బ్రాంప్టన్‌లో ఉన్న మా బావ ఈ లాయర్ మేడం నంబరిచ్చాడు. ఒంటారియో లా సొసైటీ సైట్‌లో ఆమె పేరు చూసుకున్నాకే ఫోన్ చేశాం. ఆ రిజెక్షన్ మీద కెనడా ఫెడరల్ కోర్టులో మన తరఫున కేసు వేయాలంటే లాయరే కావాలి, ఇమిగ్రేషన్ కన్సల్టెంట్లు అక్కడ వాదించలేరు. ఆ సంగతి మాకు అప్పుడే తెలిసింది.

మేడం మొదట వీసా ఆఫీసర్ రాసుకున్న నోట్స్ తెప్పించారు. ఖాతాలో పెద్ద మొత్తాలు ఒకేసారి జమయ్యాయి, ఎక్కడివో తెలియదు అని ఉంది అందులో. మేం పెట్టిన తక్‌పట్టీల ఊసే లేదు! అప్పటికి కేసు వేయడానికి ఉన్న 60 రోజుల గడువులో 19 రోజులే మిగిలాయి. నాకు ఒకటే టెన్షన్. మేడం మాత్రం ఉన్నదున్నట్టు చెప్పారు: కోర్టు వీసా ఇవ్వదు, ఆఫీసర్ నిర్ణయం సబబా కాదా అన్నదే చూస్తుంది. కొత్త కాగితాలు పెట్టనివ్వరు. ఆఫీసర్ ముందు అప్పుడు ఏమున్నాయో వాటి మీదే వాదన.

ఇక్కడే మా చెల్లెను మెచ్చుకోవాలి. అవి అవసరం లేదని కన్సల్టెన్సీ వాళ్ళన్నా వినకుండా, నాలుగేళ్ళ తక్‌పట్టీలు ఇంగ్లిష్‌లోకి రాయించి, అఫిడవిట్‌తో సహా పెట్టించింది. ఆ అనువాదం చేసిన హన్మకొండ సార్‌కు దండం. పోయిన ఒక తక్‌పట్టీకి పాత పుస్తకాలు తిరగేసి నకలు ఇచ్చిన అడ్తిదారుకూ (మార్కెట్లో కమిషన్ ఏజెంటు) దండం.

ఒక సాయంత్రం మేడం వీడియో కాల్ చేసి, ఈ చీటీల సంగతి మీ నాన్నగారే చెప్పాలన్నారు. బాపు ట్రంకు పెట్టెలోంచి ప్లాస్టిక్ కవరు తీశాడు. కవరు విప్పగానే మిర్చి ఘాటుకు అమ్మకు తుమ్ములు. ఇన్ని బస్తాలు, ఇంత తూకం, క్వింటాలుకు ఇంత ధర, హమాలీ ఇంత పోయింది, చేతికి ఇంత వచ్చింది అని బాపు వేలు పెట్టి చూపిస్తుంటే నేను ఇంగ్లిష్‌లో చెప్పాను. మేడం ఒక్కొక్క తేదీని బ్యాంకు స్టేట్‌మెంట్‌లో వెతికి టిక్ పెట్టుకున్నారు. గంటన్నర పట్టింది. బాపు కష్టాన్ని ఒక ఆఫీసు మనిషి అంత శ్రద్ధగా వినడం నేను అంతకుముందు చూడలేదు.

నిర్ణయానికి కారణాలు అర్థమయ్యేలా, ముందున్న ఆధారాలకు తగినట్టు ఉండాలని కెనడా సుప్రీంకోర్టు 2019లో వావిలోవ్ కేసులో చెప్పిందట. మేడం దాన్ని పట్టుకుని మా వాదన రాశారు. విచారణ దాకా పోనేలేదు. కేసు వెనక్కి తీసుకుంటే ఫైలు వేరే ఆఫీసర్‌తో మళ్ళీ చూపిస్తామని ప్రభుత్వ లాయర్లే ముందుకొచ్చారు. యూనివర్సిటీ వాళ్ళు అడ్మిషన్ తర్వాతి సెషన్‌కు మార్చారు. ఈసారి వీసా వచ్చింది.

మేడం, మీరు తీసుకున్న ఫీజుకు మించి చేశారు. బాపు పేరు తప్పు లేకుండా పలకడానికి నాతో మూడుసార్లు చెప్పించుకున్నారు, అది మా ఇంట్లో ఎవరం మరువం. చెల్లె సూట్‌కేసులో మీకోసం అమ్మ చపాటా రకం మిర్చి కారం పెట్టింది. రంగు ఎక్కువ, ఘాటు తక్కువ, మీరు తినగలుగుతారు.