లోపల మనిషి లేడని రూల్ తగ్గించకండి మంత్రి గారూ

విమానయాన శాఖ మంత్రి గారికి నమస్కారం.

పైలట్ లేకుండా ఎగిరే కార్గో విమానాలకి పర్మిషన్ కావాలని మీ దగ్గరికి కంపెనీల వాళ్ళు వస్తారు, వాళ్ళు ముందుగా చెప్పే మాట ఏంటో కూడా నాకు తెలుసు, "ఇందులో పాసింజర్లు ఉండరు సార్, పోతే సరుకే పోతుంది" అని. ఆ ఒక్క మాట గురించే ఈ లెటర్.

1992 అక్టోబర్ 4, ఆదివారం సాయంత్రం. ఆమ్‌స్టర్‌డామ్‌లో టేకాఫ్ అయిన ఇజ్రాయెల్ కంపెనీ ఎల్ అల్ వాళ్ళ 747 కార్గో విమానానికి కుడి రెక్క కింద ఒక ఇంజిన్ ఊడి, అది పక్క ఇంజిన్‌ని కూడా కొట్టుకుంటూ పోయింది, వెనక్కి తిరిగొద్దామని చూస్తుండగా అదుపు తప్పి ఆ ఊళ్ళోనే బైల్మర్ అనే పేటలో అపార్ట్‌మెంట్ల మీద పడింది. విమానంలో ఉన్నది నలుగురు. చనిపోయింది 43 మంది. మిగతా 39 మంది అసలు విమానమే ఎక్కలేదండీ.

నేను ఈ టెక్నాలజీ వద్దనే మనిషిని కాదు. సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ నా పని, మెషిన్ మీద నమ్మకం లేకపోతే ఈ పని చెయ్యలేను. 1947లోనే ఒక సి-54 రవాణా విమానం టేకాఫ్ నుంచి ల్యాండింగ్ దాకా ఎవరూ కంట్రోల్స్ ముట్టుకోకుండా ఇప్పటి కెనడాలోని న్యూఫౌండ్‌లాండ్ నుంచి ఇంగ్లండ్ వెళ్ళింది. 2023 నవంబర్‌లో రిలయబుల్ రోబోటిక్స్ వాళ్ళు లోపల ఎవరూ లేని సెస్నా కారవాన్‌ని కాలిఫోర్నియాలో ఎగరేసి దించారు. నేల దగ్గరికి వచ్చేస్తుంటే ఎఫ్-16 యుద్ధ విమానాన్ని తనంతట తానే పైకి లేపే సిస్టమ్ ఉంది, స్పృహ తప్పిన పైలట్ కూడా దాని వల్ల బతికాడు. రాత్రిపూట చిన్న కార్గో విమానంలో ఒక్కడే కూర్చుని అలిసిపోయి నడిపే పైలట్‌కి ఇలాంటి టెక్నాలజీ నిజంగా పెద్ద తోడు.

కానీ సైన్యం లెక్క వేరు, మన లెక్క వేరు. 2011 డిసెంబర్ నుంచి 2014 దాకా అఫ్ఘానిస్తాన్‌లో అమెరికా మెరీన్లు పైలట్ లేని కె-మ్యాక్స్ హెలికాప్టర్లతో దాదాపు 20 లక్షల కిలోల సరుకు మోయించారు. 2013లో ఒకటి కూలిపోయింది, ఎవరికీ ఏమీ కాలేదు. బాంబులు పాతిపెట్టిన రోడ్డు మీదకి లారీ డ్రైవర్‌ని పంపే బదులు హెలికాప్టర్ పోయినా పర్లేదు అనుకోవడం అక్కడ న్యాయమే. అక్కడ ఎగిరిన గంటల లెక్క చూపించి జనం నిండిన ఊరి మీద పర్మిషన్ అడిగితే మాత్రం అది సాక్ష్యం కాదు. పైగా సైన్యం కూడా అన్నిచోట్లా అంత తెగించట్లేదు, ఏఐతో డాగ్‌ఫైట్, అంటే గాల్లో దగ్గర నుంచి పోరు, చేయించిన ఎక్స్-62ఎ అనే టెస్ట్ విమానంలో సేఫ్టీ పైలట్లని కూర్చోబెట్టే టెస్ట్ చేశారు.

ఇంక నాకు నిద్ర పట్టనివ్వని సంగతి బోయింగ్ వాళ్ళ పాసింజర్ విమానం 737 మ్యాక్స్. విమానం ముక్కుని తనంతట తానే కిందకి దించే ఎంక్యాస్ అనే సాఫ్ట్‌వేర్ అందులో ఉంది, అది చెడిపోలేదు, రాసింది రాసినట్టే చేసింది, ఒకే ఒక్క సెన్సార్ తప్పు చెప్తే దాన్ని నమ్మి ముక్కుని కిందకి తోస్తూనే పోయింది. 2018లో లయన్ ఎయిర్ విమానం, 2019లో ఇథియోపియన్ ఎయిర్‌లైన్స్ విమానం కూలి, కలిపి 346 మంది పోయారు. ముందు సీట్లో ఇద్దరేసి పైలట్లు ఉండి పోరాడితే జరిగింది ఇది. ఆ సీట్లు ఖాళీగా ఉంటే అడ్డం పడే చెయ్యి కూడా ఉండదు కదా, అందుకే లోపల మనిషి లేడు అంటే సెన్సార్లూ బ్యాకప్పులూ పెంచాలి గానీ తగ్గించడమేంటి?

జీపీఎస్ సంగతి కూడా చూడండి. 2024లో సిగ్నల్ జామ్ అవుతోందని ఫిన్‌ఎయిర్ వాళ్ళు ఎస్టోనియాలో టార్టూకి నెల రోజులు ఫ్లైట్లు ఆపేశారు, అంతకుముందు రెండు విమానాలు దిగలేక వెనక్కి వెళ్ళాయి. వెనక్కి వెళ్దాం అని అనుకోవడానికి అక్కడ పైలట్ ఉన్నాడు. మన కార్గో విమానానికి జీపీఎస్ పోయి, అదే టైంలో కింద నుంచి దాన్ని చూసుకునే స్టేషన్‌తో లింక్ కూడా తెగితే అది ఏం చేస్తుంది? ఎటు తిరుగుతుంది? టవర్‌లో ఉన్న కంట్రోలర్‌కి అది ముందే తెలిసుంటుందా? 2002లో జర్మనీ మీద టుపోలెవ్ అనే పాసింజర్ విమానం పైలట్లని, విమానాలు గుద్దుకోకుండా హెచ్చరించే మెషిన్ పైకి వెళ్ళమంది, కంట్రోలర్ కిందకి దిగమన్నాడు, వాళ్ళు కంట్రోలర్ మాట విన్నారు. ఎదురుగా వస్తున్న డీహెచ్ఎల్ కార్గో విమానం మెషిన్ మాట విని తనూ కిందకే దిగింది. 71 మంది పోయారు. ఎవరి మాట ముందు అనేది గాల్లో తేల్చుకునే విషయం కాదు.

కాబట్టి ఆ ఫైల్ మీ టేబుల్ మీదకి వచ్చినప్పుడు దయచేసి ఒక పేజీ కోసం వెతకండి. లింక్ తెగితే ఈ విమానం ఏ దారిలో ఎక్కడికి పోతుంది, ఆ దారి కింద ఎంతమంది ఉంటున్నారు, ఆ సంగతి కంట్రోలర్లకి ఎవరు చెప్తారు అని రాసున్న పేజీ, జనం కూడా చదవగలిగేలా. అది లేకపోతే సంతకం పెట్టకుండా ఫైల్ వెనక్కి పంపండి.

ఇట్లు,
విమానం ఎక్కకపోయినా దాని కిందే బతికే ఒక టెస్టర్