తలుపు చట్టం మీద గీతలు

చిన్నా,

ఆదివారం నిన్నూ చెల్లినీ పక్కపక్కన నిలబెట్టి "ఇంతకీ పెద్దెవరు?" అని చుట్టాలు అడిగితే వాళ్లతో పాటు నేనూ నవ్వాను. నువ్వు లేచి లోపలికి వెళ్లిపోయావు. ఆ రాత్రి తలుపు చట్టానికి ఆనుకుని, నీ ఎత్తు నువ్వే గీసుకుంటుంటే చూశాను. నేను నవ్వకుండా ఉండాల్సింది, నాన్నా. ఎదురుగా చెబితే "సరేలే" అని తప్పించుకుంటావని రాస్తున్నాను.

ఆ గీతల్ని, నువ్వు పుట్టినప్పటి కాగితాల్ని పక్కన పెట్టుకుని కూర్చున్నాను. పుట్టినప్పుడు నువ్వు 50 సెంటీమీటర్లు, మూడు కిలోలు. మొదటి వారంలో బరువు తగ్గితే మీ అమ్మ హడలిపోయింది. పసిబిడ్డలు మొదటి రోజుల్లో కాస్త తగ్గి, సాధారణంగా రెండు వారాల్లో పుంజుకుంటారని అప్పటికి మాకు తెలీదు. ఐదు నెలలకి బరువు రెట్టింపు, ఏడాదికి మూడింతలు. ఆ ఒక్క ఏడాదిలో 25 సెంటీమీటర్లు పొడవయ్యావు. ఇప్పుడు నువ్వు ఎదురుచూసే ఎదుగుదల కూడా ఆ వేగాన్ని అందుకోలేదు. పుట్టినప్పుడు నీ ఒంటి పొడవులో నాలుగో వంతు తలే. నడినెత్తిన మాడు మెత్తగా కొట్టుకుంటుంటే నీకు తల దువ్వాలన్నా నాకు భయమేసేది. ఏడాదిన్నరకి అది గట్టిపడింది.

రెండో ఏడు 12 సెంటీమీటర్లు. ఆ తర్వాత ఏటా ఐదో ఆరో, ఒకే నడక. గీతలు చూడు, మెట్లలా సమంగా ఉంటాయి. పోయిన ఏడాది కూడా నువ్వు ఐదు పెరిగావు. నువ్వేమీ ఆగిపోలేదు, చెల్లి ఎనిమిది పెరిగింది, అంతే.

ఈడు మార్పులు ఆడపిల్లలకి 8 నుంచి 13 ఏళ్ల మధ్య, మగపిల్లలకి 9 నుంచి 14 మధ్య ఎప్పుడైనా మొదలవుతాయి. పైగా ఆడపిల్లలకి ఎత్తు మొదట్లోనే దూకుతుంది. మగపిల్లలకి ముందు వృషణాలు పెద్దవవుతాయి, ఎత్తు ఆ తర్వాతెప్పుడో అందుకుంటుంది. అందుకే వాళ్ల పరుగు పన్నెండు దగ్గరైతే, మీది పద్నాలుగు దగ్గర. ముందు పాదాలు, తర్వాత కాళ్లు, చివరికి మొండెం పెరుగుతాయి. చెప్పులు ఉన్నట్టుండి ఇరుకైతే సంతోషించు.

పొడవాటి ఎముకల చివర్లలో మెత్తటి మృదులాస్థి పొర ఉంటుంది. ఎత్తు పెరిగేది అక్కడే. ఈడు పూర్తయ్యేసరికి ఆ పొర ఎముకగా గట్టిపడుతుంది, అక్కడితో ఎత్తు ఆగుతుంది. ఆలస్యంగా మొదలైనవాడికి అది మూసుకునేదీ ఆలస్యంగానే. నేను తొమ్మిదో తరగతి దాకా ముందు బెంచీలోనే కూర్చున్నాను. పదహారు నిండాక పొడుగయ్యాను. ఈ ఆలస్యం తరచుగా వంశంలోనే వస్తుంది. నీకది నానుంచే వచ్చిందేమో.

ఫోనులో చూస్తున్న ఆ ఎత్తు పెంచే పొడులు మాత్రం వద్దు. ఎముకలు వాటి మాట వినవు. ఎదుగుదల హార్మోను ఎక్కువగా గాఢనిద్రలో ఊరుతుంది, కాబట్టి ఆ ఫోను పక్కన పెట్టి పడుకోవడమే మేలు. 14 నిండినా ఏ మార్పూ కనిపించకపోతే డాక్టరు దగ్గరికి ఇద్దరం కలిసి వెళ్దాం. మణికట్టు ఎక్స్‌రే తీసి ఎముకల వయసు చెబుతారు. అందులో సిగ్గుపడాల్సిందేమీ లేదు.

ఫ్రాన్సులో మోంబెయార్ అనే తండ్రి 1759లో పుట్టిన తన కొడుకుని 1777 దాకా, ఇంచుమించు ఆరు నెలలకోసారి కొలిచి రాసుకున్నాడు. ఒక బిడ్డ ఎదుగుదలకి అంత పొడుగు లెక్క అంతకుముందు దొరకలేదు. ఏ ఏడు ఎంత పెరిగాడో గ్రాఫు గీస్తే, గీత ఏళ్ల తరబడి కిందికి జారి, పదమూడు దాటాక గుట్టలా లేస్తుంది. ఆ గుట్టని చాలాసేపు చూస్తూ కూర్చున్నాను. నువ్విప్పుడు దాని కింద ఉన్నావు.

ఒక్క మాట. రాత్రిపూట కొలుచుకోకు. పగలంతా నిలబడి, కూర్చుని ఉంటే వెన్నుపూసల మధ్య మెత్తలు నొక్కుకుపోయి సాయంత్రానికి దాదాపు ఒక సెంటీమీటరు తగ్గుతాం. ఆదివారం గీత అందుకే కిందకుంది. పొద్దున లేవగానే నన్ను లేపు. నెత్తిమీద పుస్తకం సరిగ్గా పట్టుకుని నేను గీస్తాను. చుట్టాలతో మాట్లాడాను, ఇక మీ ఇద్దరినీ ఎవరూ పక్కపక్కన నిలబెట్టరు.

నీ
నాన్న